పల్లపు స్థలంలో ఇల్లు మొదలుపెట్టే ముందు

గట్టి వాన కురిసిన మర్నాడే స్థలానికి వెళ్లండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. పక్కింటి ప్రహరీ మీద బురద చార ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలవండి. ప్లాన్ గీయించడం ఆ తర్వాతే.

- రోడ్డు వేసిన ప్రతిసారీ కొంత లేస్తుంది. బేస్‌మెంట్, అంటే ఇంటి గచ్చు మట్టం, దానికన్నా కనీసం అడుగున్నర, వీలైతే రెండున్నర అడుగులు పైన ఉండాలి.
- మెరక తోలిన మట్టి మీద పునాది నిలపకండి, దయచేసి. కింద ఉన్న అసలు గట్టి నేల దాకా తవ్వాల్సిందే. గదుల్లో నింపే మట్టిని కూడా ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. తొందరపడితే ఫ్లోరింగ్ కుంగి, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) కింద వేలు దూరేంత సందు పడుతుంది.
- స్థలం వాలుగా ఉంటే పునాదిని మెట్లుమెట్లుగా దించాలి. మట్టిని ఆపే గోడకు నీరు కారే రంధ్రాలు, వెనక కంకర తప్పనిసరి. చాలాసార్లు ఆ గోడను తోసేది వెనక చేరిన నీరే.
- మీ మురుగు పైపు వీధి కాలువకన్నా ఎత్తులో ఉందా?
- ఊట పైకొచ్చే చోట వానాకాలంలో సంపు (నేలలో కట్టిన నీళ్ల తొట్టి) పూర్తిగా ఖాళీ చేయొద్దు, కింది ఊటకు తేలి లేస్తుంది.