అద్దె ఇల్లు కొనే ముందు – 3వ పాఠం: బేరానికి ముందు లెక్క

కిందటి పాఠంలో ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల, అప్పుల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) చూశాం. కాగితాలు సరిగ్గా ఉన్నాయనుకుని, ఇప్పుడు ఆ ఇంటికి ఎంత ఇవ్వొచ్చో తేలుద్దాం. పాలకొల్లులో 140 గజాల స్థలం, అంటే 2.9 సెంట్లు. పైనా కిందా కలిపి 1,800 చదరపు అడుగులు, నాలుగు పోర్షన్లు, వయసు 20 ఏళ్లు. అంకెలన్నీ అభ్యాసానికి వేసుకున్నవే. మీ వీధి ధరలతో మార్చుకోండి.

అద్దె కింద రెండు పోర్షన్లకూ చెరో 6,500, పైన రెండింటికీ చెరో 5,500. నెలకు 24,000, ఏడాదికి 2,88,000. అమ్మేవారు ఇక్కడే ఆగిపోతారు. మనం ఆగకూడదు. ఒక నెల ఖాళీకి 24,000, ఇంటి పన్నుకు 8,000, మోటారు, మెట్ల లైటు, సెప్టిక్ ట్యాంకు ఖర్చులకు 12,000, సున్నం, రిపేర్లకు 24,000 తీసేస్తే మిగిలేది 2,20,000. భీమవరంలో కాలేజీ పిల్లలకిచ్చే పోర్షనైతే వేసవి ఖాళీకి రెండు నెలలు వేసుకోండి.

4 శాతం రాబడి చాలనుకుంటే 2,20,000ని 0.04తో భాగించండి: 55 లక్షలు. ఈ 4 శాతం బ్యాంకు డిపాజిట్ వడ్డీ కన్నా తక్కువే. మిగతాది స్థలం ధర పెరుగుతుందన్న ఆశ. దానికి మళ్లీ విడిగా డబ్బు కట్టకండి.

అద్దె నిజమో కాదో అమ్మేవారిని అడిగితే తేలదు. అమ్మకానికి ముందు చుట్టాలను దింపి ఎక్కువ అద్దె చూపించడం ఉన్నదే. పోర్షన్‌కో మీటరుంటే ఏడాది కరెంటు బిల్లులు అడగండి. నెలకు పది యూనిట్లు కాలిన పోర్షన్‌లో ఎవరూ కాపురం లేనట్టే.

ఇప్పటిదాకా అద్దెను బట్టి ధర కట్టాం. ఇప్పుడు రెండో దారి, స్థలం, కట్టడం విలువను బట్టి. స్థలం గజం 21,000 చొప్పున 29.4 లక్షలు. కట్టడం ఈరోజు కడితే అడుగుకు 1,800 చొప్పున 32.4 లక్షలు, 60 ఏళ్ల ఆయుష్షులో 20 గడిచాయి కాబట్టి మూడింట రెండు వంతులే, 21.6 లక్షలు. మొత్తం 51 లక్షలు. రెండు దారుల్లో తక్కువదే పట్టుకోండి.

ఆపైన మన గోదావరి డెల్టా ఇళ్లకు చూసుకోవాల్సిన తగ్గింపులు. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, పాత ఇల్లు గుంటలో పడుతుంది. గేటు నుంచి లోపలికి మెట్టు దిగాల్సి వస్తే ముసురు పట్టినప్పుడు నీళ్లు హాల్లోకే. అది రిపేరుతో పోయే లోపం కాదు, బేరం మానుకోవడమే మేలు. ఇల్లు కట్టక ముందు అక్కడ వరి చేనుందా, చెరువుందా అని పక్కింటి పెద్దవాళ్లను అడగండి. సరిగ్గా దిమ్మిస కొట్టకుండా పూడ్చిన చెరువు మీద ఇల్లు ఒక పక్కకు కుంగుతుంది. నల్లమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది గనక కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి. రూపాయి బిళ్ల దూరేంత పగులుంటే ఇంజినీరును తీసుకెళ్లండి. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు కలిసిన ఇసుక వాడి ఉంటే లోపల చువ్వలు తుప్పు పట్టి శ్లాబు పెచ్చులు ఊడతాయి. మెట్ల కింద, బాత్రూం పైకప్పు చూడండి. కొత్త రంగు అక్కడ ఒక్కచోటే ఉంటే గోకి చూడండి.

మన ఇంటికి డాబా కారుతోంది, వైరింగ్ పాతది: 1.75 లక్షలు. మిగిలింది 49.25 లక్షలు. స్టాంపు 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, వెరసి 7.5 శాతం కొనేవారి నెత్తినే. ఇది ప్రభుత్వ విలువ, అసలు ధర, రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద. 49.25ని 1.075తో భాగిస్తే 45.8 లక్షలు. మీరు దాటకూడని గీత ఇదే. నోటి నుంచి వచ్చే మొదటి మాట 43 దగ్గరుంటే పెరగడానికి చోటుంటుంది.

అద్దెకున్నవాళ్లు కట్టిన రెండేసి నెలల అడ్వాన్సు, ఇక్కడ 48,000, పాత యజమాని దగ్గరే ఉంటుంది. రేపు వాళ్లు ఖాళీ చేస్తే తిరిగివ్వాల్సింది మీరు. చివరి చెల్లింపులో తగ్గించుకోండి, అగ్రిమెంటులో రాయించండి.

వచ్చే పాఠం: ఆ అగ్రిమెంటులో బయానా ఎంత, గడువు ఎంత.