శిథిల నగరాన్ని చదవడం – మూడవ పాఠం: నీరు నడిచిన దారి

రెండవ పాఠంలో ఇటుకను కొలబద్దగా వాడడం నేర్చుకున్నాం. హరప్పా కాలపు ఇటుక సాధారణంగా 28 సెంటీమీటర్ల పొడవు, 14 వెడల్పు, 7 మందం ఉంటుందని, అంటే 4:2:1 నిష్పత్తిలో ఉంటుందని, అందువల్ల ఫొటోలో ఇటుక వరుసలు స్పష్టంగా కనిపిస్తే గోడ ఎత్తును ఇంట్లో కూర్చొనే అంచనా వేయవచ్చని చూశాం. ఈ పాఠంలో ఆ కొలతను వెంట తీసుకొని సింధ్‌లోని మొహెంజొదారో వీధుల్లోకి వెళ్తున్నాం. ఈసారి నేర్చుకోవలసింది నీటి జాడను పట్టుకొని ఇంటి అమరికను, ఆ తరువాత పొరల వరుసను గుర్తించడం.

నీటితోనే ఎందుకు మొదలుపెట్టాలన్నది ముందుగా తెలుసుకోవాలి. ఆ నగరవాసులు ముద్రల మీద చెక్కిన లిపిని అందరూ ఒప్పుకొనే విధంగా ఇంతవరకు ఎవరూ చదవలేదు కాబట్టి, ఏది వంటగదో ఏది పడకగదో చెప్పే రాతపూర్వకమైన ఆధారం మనకు లేదు. గోడలను పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే ఒక తరం పెట్టిన తలుపును తరువాతి తరం ఇటుకలతో మూసివేసి, పెద్ద గదిని రెండుగా చీల్చి ఉండవచ్చు. నీరు పల్లమెరుగు అన్నారు మన పెద్దలు. నాలుగువేల ఏళ్ళకు పూర్వం ఒక మేస్త్రీ గచ్చుకు పెట్టిన వాటం, ఆ గచ్చు చెదరకుండా ఉన్నంతవరకు, అక్కడ ఏ పని జరిగేదో, ఆ నీరు ఎటు పోయేదో ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది.

ముందుగా స్నానాల గచ్చును వెతకండి. ఇంటి తక్కిన నేల మామూలు మట్టి నేలగానో పరిచిన ఇటుకలతోనో ఉంటే, ఒక చిన్న గదిలో మాత్రం ఇటుకలను అంచు మీద నిలబెట్టి, సందు కనిపించనంత దగ్గరగా పేర్చి ఉంటారు. కొన్నిచోట్ల ఇటుకల అంచులను అరగదీసి మరీ బిగించారు. గచ్చు అంతా ఒక మూలకు వాలుతుంది, ఆ మూలలో గోడకు చిన్న రంధ్రం ఉంటుంది. ఈ వర్ణన చదువుతున్నప్పుడు నాకు మా ఊరి ఇళ్ళలోని జాలారి గుర్తుకు వస్తుంది. గచ్చు వేసిన మేస్త్రీ చివర చెంబెడు నీళ్ళు కుమ్మరించి, చుక్క నిలవకుండా తూములోకి జారితేనే లేచి చేతులు కడుక్కొనేవాడు. మొహెంజొదారో మేస్త్రీ కూడా ఇలాంటి పరీక్ష ఏదో చేసే ఉంటాడని ఆ గచ్చుల నాణ్యత చూస్తే అనిపిస్తుంది.

ఆ రంధ్రం నుంచి బయటికి వెళ్ళండి. ఈ గది చాలా ఇళ్ళలో వీధి గోడను ఆనుకొనే ఉంటుంది కాబట్టి దారి పొడవు తక్కువ. బయట ఇటుకతో కట్టి, పైన ఇటుకలో రాతి పలకలో కప్పిన వీధి కాలువ కనిపిస్తే ఆ ఇల్లు నగర వ్యవస్థతో కలిసి ఉన్నట్టు. కాలువకు బదులు గోడ పక్కన అడుగున రంధ్రం పెట్టిన పెద్ద కుండో ఇటుక గుంతో కనిపిస్తే, ఆ నీరు అక్కడే భూమిలోకి ఇంకేదని, అంటే అది మన ఇంకుడు గుంతలాంటిదని గుర్తించాలి. ప్రతి ఇల్లూ వీధి కాలువకు కలిసి ఉండేదని పాఠ్యపుస్తకాల్లో కనిపించే మాట ఈ గుంతల ముందు నిలవదు.

ఇక్కడే ఇంకొక ఆధారాన్ని పట్టుకోవడం నేర్చుకోవాలి. గోడ మందంలో నిలువుగా దిగిన మట్టి గొట్టం కనిపిస్తే, కింద గదులు మాత్రమే మిగిలి ఉన్నా, పైన ఒక అంతస్తో మేడో ఉండేదని, అక్కడ నీటి వాడకం ఉండేదని చెప్పవచ్చు. కూలిపోయిన అంతస్తును దాని నీటిదారి ద్వారా గుర్తించడం ఈ విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

వీధి కాలువ వెంట నడుస్తూ పోతే నడుమ చిన్న చిన్న గుంతలు తగులుతాయి. ఇసుక, చెత్త అడుగున పేరుకోవడానికి, మురుగు మాత్రం ముందుకు సాగడానికి వాటిని కట్టారు. 1927 నుంచి 1931 వరకు అక్కడ తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే, కాలువల పక్కనే చిన్న ఇసుక కుప్పలు పడి ఉండడాన్ని గమనించాడు. ఎవరో కప్పు తీసి, అడుగున చేరిన పూడిక తోడి ఒడ్డున పోశారు, దాన్ని మళ్ళీ ఎత్తుకుపోలేదు. రాజు పేరు గానీ, రాజభవనమని నిశ్చయంగా చెప్పదగిన కట్టడం గానీ దొరకని ఈ నగరంలో, పూడిక తీసిన మనిషి పని మాత్రం అలా మిగిలిపోయింది. ఆ మనిషికి పని చెప్పినవారు ఎవరు, కూలి ఎలా ముట్టేది అన్న ప్రశ్నలకు జవాబు లేదు. నగర పాలన గురించిన అసలు రహస్యం నా దృష్టిలో ఇదే.

ఇప్పుడు పొరల సంగతికి వద్దాం. మొహెంజొదారోలో దాదాపు 700 బావులు ఉండి ఉంటాయని ఆ నగరాన్ని పరిశోధించిన మైకేల్ యాన్సెన్ అంచనా వేశాడు. ఒక చివర సన్నగా ఉండేలా చేసిన ఇటుకలను వలయంగా పేర్చి బావి ఒరను కట్టేవారు. ఈనాడు ఆ బావులు కొన్ని నేల మీద పొగగొట్టాల్లా నిటారుగా నిలబడి కనిపిస్తాయి. కొత్తవారు వాటిని బురుజులు అనుకొని పొరపడుతుంటారు. అసలు జరిగింది వేరు. ఇళ్ళను మళ్ళీ మళ్ళీ కట్టడంతో వీధి మట్టం పెరిగిన కొద్దీ జనం బావి ఒరను కూడా పైకి కట్టుకుంటూ పోయారు. తవ్వకందారులు చుట్టూ ఉన్న పై పొరలను తీసివేసి కింది నేలను బయటపెట్టేసరికి, ఒర ఒక్కటే గాలిలో మిగిలింది. ఆ ఒర ఎత్తు పెరిగిన నేల మందాన్ని చూపుతుంది. నేల నుంచి అంచు దాకా 60 వరుసలు ఉంటే 60ని 7తో గుణించండి. 420 సెంటీమీటర్లు, అంటే నాలుగు మీటర్లకు పైగా మట్టం పెరిగిందన్నమాట. అతుకు మట్టి మందం కూడా కలిపితే మరికొంత పెరుగుతుంది. కొన్ని బావుల అంచు ఇటుకల మీద తాడు ఒరిపిడికి పడిన గాడులను కూడా వెతకండి, నీళ్ళు తోడినవారు నిలబడిన చోటును అవి చూపుతాయి.

మట్టాన్ని పట్టించుకోకపోతే ఎంత పెద్ద పొరపాటు జరుగుతుందో చెప్పడానికి ఇదే నగరంలో ఒక ఉదాహరణ ఉంది. వీధుల్లో, గదుల్లో చిందరవందరగా దొరికిన అస్థిపంజరాలను ఆధారం చేసుకొని, ఆక్రమణదారులు నగరవాసులను ఊచకోత కోశారని పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ 1940లలో వాదించాడు. ఆ కథ చాలాకాలం నిజంగా చలామణీ అయింది. 1964లో మరో పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ డేల్స్ ఆ అస్థిపంజరాలు దొరికిన పొరలను తిరిగి పరిశీలించి, అవన్నీ ఒకే కాలానికి చెందినవని చెప్పే వీలు లేదని, యుద్ధం జరిగినట్టు చూపే ఆయుధాలు గానీ దహనపు గుర్తులు గానీ వాటితో లేవని చూపించాడు. చివరి పొరలు చెప్పే కథ మరింత నెమ్మదిగా సాగుతుంది. ఇళ్ళు చిన్న గదులుగా చీలాయి, కట్టడపు నాణ్యత తగ్గింది, కాలువల నిర్వహణ సన్నగిల్లింది, ఒకప్పుడు ఇళ్ళున్న చోట కుండలు కాల్చే కుమ్మరి బట్టీలు వెలిశాయి. క్రీ.పూ. 1900 ప్రాంతానికి ఆ నగరజీవితం ముగిసింది.

అభ్యాసం: మీ ఇంటి స్నానాల గదిలో చెంబెడు నీళ్ళు పోసి, అవి ఏ మూలకు చేరి, ఏ గోడ దాటి, ఎక్కడ కలుస్తాయో కాగితం మీద బాణం గుర్తులతో గీయండి. గదులకు పేర్లు రాయకండి. ఆ కాగితాన్ని మీ ఇల్లు చూడని ఒకరికి ఇచ్చి, ఏది స్నానాల గదో, వీధి ఎటువైపు ఉందో చెప్పమనండి. వారు ఎక్కడ తడబడ్డారో రాసి పెట్టుకోండి. తరువాత మొహెంజొదారో బావి ఒర ఫొటో ఒకటి తీసుకొని, నేల నుంచి అంచు దాకా వరుసలు లెక్కపెట్టి, పెరిగిన మట్టాన్ని లెక్క కట్టండి. నాలుగవ పాఠంలో ఈ రెండు కాగితాలతో పని ఉంటుంది.