వార్డులో స్కిజోఫ్రీనియా రోగికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు పెట్టేటప్పుడు

వాల్తేరు మానసిక ఆసుపత్రిలో చేరిన మర్నాడే పరీక్షలు పెడితే మనకు తేలేది లోరాజెపామ్ మత్తు ఎంతుందన్నదే. రోగి అరగంట కుదురుగా కూర్చుని, "కాగితం మడిచి నాకివ్వండి" అంటే రెండు పనులూ చేయగలిగే దాకా ఆగాలి. షాక్ ట్రీట్‌మెంట్ నడుస్తుంటే జ్ఞాపక పరీక్షలు అది ముగిశాక కొన్ని వారాలకు.

ముందు కేస్‌షీటు చూడండి. వణుకు తగ్గడానికిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ జ్ఞాపకశక్తిని తగ్గిస్తుంది, మోతాదు రాసుకోండి. చేతులు బిగుసుకుపోయినవారికి అంకెల కింద గుర్తులు వేసే పరీక్షలో మార్కులు పడిపోతాయి, ఆలోచన బాగున్నా సరే. కళ్లజోడు ఇంట్లో మరిచారేమో అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలా తప్పుడు రిపోర్టులను ఆపుతుంది.

అసలు చిక్కు భాషతో. అంకెలు విని తిరిగి చెప్పే పరీక్షలో సెకనుకు ఒక అంకె చదవాలి. "ఆరు", "ఏడు" పొట్టివి, "ఎనిమిది", "తొమ్మిది" పొడుగు, లయ చెడుతుంది. వాచీ చూస్తూ సాధన చేయండి. ఫోన్ నంబర్లు ఇంగ్లిష్‌లో చెప్పడం అలవాటైనవారు తెలుగు అంకెల్ని మనసులో మార్చుకుంటూ వెనకబడతారు. ఏ భాషలో పెట్టారో రాయండి, మళ్లీ పెట్టినప్పుడూ అదే వాడండి. ఒకే పొడవున్న రెండు వరుసలూ తప్పితే ఆపేయాలి.

నిమిషంలో "క"తో మాటలు చెప్పమంటే "కి, కు కూడానా?" అని అడుగుతారు. గుణింతం చెల్లుతుందో లేదో ముందే తేల్చి అందరికీ అదే చెప్పాలి. అరకు, పాడేరు వైపు నుంచి వచ్చినవారిలో కొందరి ఇంటి భాష కువి. వాళ్ల విషయంలో ఈ పరీక్షను నమ్మకండి. ఇంగ్లిష్ అక్షరాలు రానివారికి, అంకెనూ అక్షరాన్నీ మార్చి మార్చి గీతతో కలిపే ట్రెయిల్ మేకింగ్ "బి" బదులు, అక్షరాల చోట రంగులుండే రంగుల ట్రెయిల్స్ నయం.

15 మాటల జాబితా 5 సార్లు వినిపించి, అడ్డు జాబితా (మధ్యలో వినిపించే వేరే మాటలు) ముగిశాక 20-30 నిమిషాలకు మళ్లీ అడగాలి. ఆ మధ్యలో మాటలతో పనిలేనివే పెట్టండి, లేకపోతే ఆ మాటలూ ఈ మాటలూ కలిసిపోతాయి. రోగి హఠాత్తుగా ఆగితే, లేని గొంతులు వినబడుతుండొచ్చు, స్టాప్‌వాచ్ ఆపకండి. ఆ అంశం ముగిశాక "ఇందాక ఏమైనా వినబడిందా?" అని అడిగి జవాబు పక్కన రాయండి.

మార్కులను చదువు, వయసు సరిపోయే పట్టికతోనే పోల్చండి. సొంతంగా గుర్తు తెచ్చుకోలేక, జాబితాలో చూపిస్తే గుర్తుపడుతున్నారంటే ఆ సంగతి ఇంటివాళ్లకు చెప్పాలి: మాత్రలు అల్మరాలో దాచకుండా, మంచినీళ్ల బిందె పక్కన కనబడేలా పెట్టమని.