గర్భసంచి ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజుల్లో ఎవరిని ఏమి అడగాలి, సాయం ఎలా పొందాలి?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం మంది గర్భసంచి తీయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 3 శాతం దగ్గరే ఉంది. అంటే మన ఊళ్లలో ఈ ఆపరేషన్ అయిన మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇంటికి చూడటానికి వచ్చిన నలుగురిలో ఒకరు తప్పకుండా తన అనుభవం చెబుతారు. సలహాకు కరువు లేదు గానీ, వచ్చిన సలహాల్లో మీకు వర్తించేది ఏదో తేల్చుకోవడమే కష్టం. ఏ ప్రశ్నను ఎవరి దగ్గరికి తీసుకువెళ్లాలో ముందే అనుకుంటే ఈ కష్టం చాలావరకు తీరుతుంది. వీలైతే ఆపరేషన్‌కు ముందే, లేకపోతే ఇంటికి వచ్చిన మొదటి రోజుల్లోనే ఈ పని మొదలుపెట్టాలి.

1. మీకు జరిగిన ఆపరేషన్ ఏమిటో కాగితం మీద చూసుకోండి

"పిల్లల సంచి తీసేశారు" అన్న మాట ఒక్కటే తెలిసి ఇంటికి వచ్చేవారు చాలామంది ఉంటారు. అండాశయాలు ఉంచారా, తీశారా అని అడిగితే చెప్పలేరు. కోలుకునే కాలం, తర్వాతి వైద్యం, ఇతరుల సలహాల్లో మీకు పనికివచ్చేవి, అన్నీ మీకు ఏ ఆపరేషన్ జరిగిందన్న దాని మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీని బీరువాలో పెట్టేముందు చదువు వచ్చినవారి చేత ఒకసారి చదివించుకోవాలి.

అందులో ఆపరేషన్ పేరు రాసిన చోట టీఏహెచ్ అనే పొడి అక్షరాలు ఉంటే, పొట్ట మీద కోత పెట్టి గర్భసంచిని, దాని ముఖద్వారాన్ని తీశారని అర్థం. టీఎల్‌హెచ్ అంటే అదే పనిని చిన్న రంధ్రాల ద్వారా ల్యాపరోస్కోపీతో చేశారని, వీహెచ్ అంటే పొట్ట మీద కోత లేకుండా యోని మార్గంలో చేశారని తెలుసుకోవాలి. పక్కన బీఎస్‌ఓ అని కూడా ఉంటే రెండు అండాశయాలను, అండవాహికలను తీసేశారని అర్థం. ఈ మూడక్షరాలు కనిపిస్తే ఈ వ్యాసంలోని చివరి మెట్టును తప్పకుండా చదవండి. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ నుంచి కోలుకోవడానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. మిగిలిన రెండు పద్ధతుల్లో త్వరగా తేరుకుంటారు గానీ, లోపలి కుట్లు మానడానికి వాటిలో కూడా వారాలే పడుతుంది. పైకి గాయం చిన్నగా కనిపిస్తోందని వారానికే పొలానికి పంపే ఇళ్లకు ఈ సంగతి డాక్టరు చేతే చెప్పించడం మేలు.

తీసిన గర్భసంచిని పరీక్షకు పంపుతారు. ఆ బయాప్సీ రిపోర్టు డిశ్చార్జ్ నాటికి రాదు. "ఎప్పుడు వస్తుంది, ఎవరు తెచ్చుకోవాలి" అని అడిగి తేదీ రాసుకోండి, ఎందుకంటే దాన్ని తెచ్చుకోకుండా వదిలేసేవారు తక్కువేమీ కాదు. రిపోర్టులో క్యాన్సర్ అని వస్తే ఊళ్లో ఎవరి సలహా కోసమూ ఆగకుండా క్యాన్సర్ విభాగానికి వెళ్లాలి. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి, విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

2. ఇంట్లో పనులను ఒక్కొక్కరికి పేరు పెట్టి అప్పగించండి

"నేను చూసుకుంటాలే" అని అందరూ అంటారు. పొద్దున్నే నీళ్ల బిందె ఎత్తాల్సి వచ్చేసరికి ఆ అన్నవారెవరూ ఉండరు. అందువల్ల సాయం చేయమని మామూలుగా అడగకుండా, ఫలానా పని ఫలానావారిదని చెప్పేయాలి. బిందెలు, తడిబట్టల బకెట్లు, బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లలు, వీటిలో దేనినీ మొదటి ఆరు వారాలు మీరు ఎత్తకూడదు కాబట్టి ముందుగా వీటికి మనుషులను కుదుర్చుకోండి. కత్తిపీట ముందు గొంతుకూర్చుని కూరలు తరగడం, వంగి ఇల్లు ఊడ్చి తుడవడం ఆ తర్వాతి వరుసలోకి వస్తాయి. వేరే ఊళ్లో ఉన్న పిల్లలకూ పని ఉంది. అమెరికాలో ఉన్న కూతురు వచ్చి వంట చేయలేకపోవచ్చు గానీ, రిపోర్టుల ఫొటోలన్నీ ఒకచోట భద్రపరచడం, మందుల వేళకు ఫోన్ చేయడం, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు రాసిపెట్టడం ఆమెకు అప్పగించవచ్చు.

దగ్గర ఉండి చూసుకునే మనిషికి మంచం మీది నుంచి లేపే పద్ధతి నేర్పాలి. రెండు చేతులూ పట్టుకుని ముందుకు లాగితే బరువంతా పొట్ట కుట్ల మీద పడుతుంది. అలా కాకుండా మోకాళ్లు ముడిచి, ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి జారుస్తూ మోచేతి మీద, అరచేతి మీద బరువు మోపి నెమ్మదిగా లేవాలి. పట్టుకునేవారు భుజం వెనక ఆసరా ఇస్తే చాలు. దగ్గు గానీ తుమ్ము గానీ వచ్చేటప్పుడు పొట్టకు దిండు అదిమి పట్టుకోవాలి. కింద చాప మీద పడుకునే అలవాటున్నవారు కొన్నాళ్లు మంచం మీదికి మారాలి. ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డి ఉంటే, పైన అమర్చుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది.

పూర్తిగా పడుకోబెట్టడం సాయం అనిపించుకోదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే మొదటి రోజుల నుంచే ఇంట్లో కొద్దికొద్దిగా నడవాలి.

సెలవు విషయంలో ప్రభుత్వ ఉద్యోగినులు ముందుగా తమ కార్యాలయాన్ని అడగాలి. ఈ ఆపరేషన్‌కు 45 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తూ ఉమ్మడి రాష్ట్రంలో ఆర్థిక శాఖ 2011లోనే 52వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. దానికి డాక్టరు ధ్రువపత్రం జతచేయాలి. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికులకు, చందాలకు సంబంధించిన అర్హత ఉంటే, ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భృతిగా వస్తుంది. కూలి పనికి వెళ్లే మహిళల్లో చాలామందికి ఇలాంటి ఆధారం ఉండదు. పొదుపు సంఘంలో ఉన్నవారు ఆ రెండు నెలల వాయిదాల గురించి సంఘం లీడరుతో ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి.

3. ఆసుపత్రితో సంబంధం తెంచుకోకండి

డిశ్చార్జ్ రోజున అడగాల్సినవి మూడున్నాయి: రాత్రి ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, కుట్లు ఎప్పుడు చూపించాలి, మందుల్లో ఏది ఎన్నాళ్లు వాడాలి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద ఆపరేషన్ అయినవారు డిశ్చార్జ్ తర్వాత ఇవ్వాల్సిన మందుల గురించి, మళ్లీ చూపించుకోవడం గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. అక్కడ సమాధానం దొరకకపోతే 104కు ఫోన్ చేయవచ్చు.

కొన్ని వారాల పాటు గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో కొద్దిగా మరక కనబడటం, త్వరగా అలసిపోవడం, ల్యాపరోస్కోపీ అయినవారికి మొదటి రెండు మూడు రోజులు భుజంలో నొప్పి రావడం మామూలే. కానీ 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, గంటకో ప్యాడు తడిసేంత రక్తస్రావం, కోత దగ్గర ఎరుపు లేదా చీము, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండానే కారుతూ ఉండటం కనిపిస్తే ఆ రోజే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లాలి. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా ఆలస్యం చేయకూడదు. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం వస్తే 108ని పిలవాలి.

ఊళ్లలో జ్వరం రాగానే ముందుగా పిలిచేది ఆర్ఎంపీనే. ఆయన దగ్గరలో ఉండటం, అర్ధరాత్రైనా రావడం నిజంగానే పెద్ద ఆసరా. అయినా ఈ ఆరు వారాలు ఆయన ఇచ్చే ఇంజక్షన్‌కు ముందు ఆసుపత్రికి ఫోన్ చేయాలన్న నియమం పెట్టుకోండి, ఎందుకంటే రెండు రోజుల ఇంజక్షన్లతో జ్వరం తగ్గినట్టే తగ్గి, లోపల చీము పెరిగే ప్రమాదం ఉంది.

డ్రెస్సింగ్, బీపీ, షుగరు, రక్తహీనతకు మాత్రలు వంటి వాటికి మాత్రం పట్నం దాకా వెళ్లనక్కర్లేదు. ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో ఆపరేషన్ అయిందని కబురు చేస్తే ఉపకేంద్రంలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఆ పని జరిగేలా చూస్తారు. ఈ-సంజీవని ద్వారా అక్కడి నుంచే డాక్టరుతో వీడియోలో మాట్లాడే వీలుంది.

4. ఇదే ఆపరేషన్ అయినవారి మాటలను జల్లెడ పట్టండి

వారి దగ్గర డాక్టరు చెప్పని సంగతులు ఉంటాయి. లంగా బొందు సరిగ్గా కోత మీదే ఒరుసుకుంటుందని, రెండు నెలలు నైటీయో, బొడ్డు పైకి కట్టే వదులు లంగానో మేలని చెప్పేది వారే. ఆటోలో వెళ్లాల్సివస్తే ఒడిలో దిండు పెట్టుకోమని చెప్పేదీ, మూడో వారంలో ఒంట్లో బాగుందనిపించి పని చేస్తే మర్నాడు లేవలేరని హెచ్చరించేదీ వారే. ఇలాంటి విషయాల్లో వారి మాటకు విలువ ఇవ్వండి.

ఏ సలహా అయినా వినేముందు "మీకు పొట్ట కోశారా? అండాశయాలు కూడా తీశారా? ఏ జబ్బుకు తీశారు?" అని అడగండి. గడ్డలకు ల్యాపరోస్కోపీ అయిన వదిన పదిహేనో రోజున స్కూటరు నడిపి ఉండవచ్చు. గర్భసంచి జారి ఆపరేషన్ అయిన అత్తగారి లెక్క వేరుగా ఉంటుంది.

పత్యం విషయంలో మాత్రం నిర్మొహమాటంగా ఉండాలి. పప్పు తింటే, గుడ్డు తింటే కుట్లు చీము పడతాయన్న మాటకు వైద్యంలో ఆధారం లేదు. గాయం మానడానికి కావాల్సిన మాంసకృత్తులు ఉండేది వాటిలోనే. నీళ్లు తక్కువ తాగమనడం మరీ హాని, ఎందుకంటే మలబద్ధకం వచ్చి ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. చారన్నంతో సరిపెట్టిన మనిషికి నెల తిరిగినా ఓపిక రాకపోతే ఆ నెపం ఆపరేషన్ మీద వేయడం న్యాయం కాదు. పెద్దవారితో వాదించడం ఇష్టం లేకపోతే, రెండోసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు వారినే వెంట తీసుకువెళ్లి "ఏం పెట్టమంటారు?" అని డాక్టరును వారి చేతే అడిగించండి.

యూట్యూబ్ వీడియోలకూ ఇదే జల్లెడ వాడాలి. చెప్పేవారు గైనకాలజిస్టా కాదా చూసి, చివర్లో మందో పొడో అమ్మేవారైతే అక్కడే ఆపేయండి.

5. మనసులోది చెప్పుకునే మనిషిని కుదుర్చుకోండి

ఏళ్ల తరబడి రక్తస్రావంతో బాధపడినవారికి ఆపరేషన్ తర్వాత హాయిగా అనిపించడం ఎంత సహజమో, ఏదో పోగొట్టుకున్నట్టు ఏడుపు రావడమూ అంతే సహజం. పిల్లలు లేనివారికి, చిన్న వయసులో ఆపరేషన్ అయినవారికి ఈ దుఃఖం ఎక్కువగా ఉండవచ్చు. "వయసైపోయిందిగా, ఇంకెందుకు బాధ" అనేవారికి కాకుండా వినే ఓపిక ఉన్నవారికి చెప్పుకోండి. నిద్ర, ఆకలి పోయి రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకుండా వెంటనే చేయాలి.

దాంపత్యం గురించి సాధారణంగా ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. యోని పైభాగంలో వేసిన కుట్లు మానేవరకు, అంటే మామూలుగా ఆరు వారాల పాటు, డాక్టరు చూసి సరే అనేవరకు కలయిక వద్దు. ఈ మాట భార్య చెబితే వినని ఇంట్లో డాక్టరు చెబితే వింటారు కాబట్టి, చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు భర్తను బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకువెళ్లాలి. గర్భసంచి తీసేస్తే ఇక సంసారానికి పనికిరారన్న అపోహకు కూడా ఆ గదిలోనే సమాధానం దొరుకుతుంది.

6. రెండు అండాశయాలూ తీసేసి ఉంటే

ముట్లు ఆగిపోయే వయసు ఇంకా రాకముందే రెండూ తీసేస్తే, కొన్నేళ్లలో నెమ్మదిగా రావాల్సిన మార్పు ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే వచ్చిపడుతుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, యోని పొడిబారడం, చిరాకు కనిపిస్తాయి. ఇవి నీరసం వల్ల వచ్చాయని టానిక్కులు తాగి ఊరుకోకూడదు. ముఖ్యంగా 45 ఏళ్ల లోపు వారిలో ఎముకలు బలహీనపడే ప్రమాదం, గుండె జబ్బుల ప్రమాదం పెరుగుతాయి. అందుకే అడ్డు చెప్పే కారణం ఏదీ లేకపోతే సహజంగా ముట్లు ఆగే వయసు వచ్చేవరకు హార్మోను చికిత్స ఇవ్వాలన్నది వైద్యంలో స్థిరపడిన పద్ధతి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి లెక్క మారుతుంది. కాబట్టి "నాకు హార్మోను మాత్రలు అవసరమా? వద్దంటే ఎందుకు? ఎముకల పరీక్ష ఎప్పుడు చేయించాలి?" అని గైనకాలజిస్టును మీరే అడగండి, ఎందుకంటే రద్దీలో ఈ సంగతి వారంతట వారు ఎత్తకపోవచ్చు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కేంద్రాల్లో మంగళవారాల్లో ముట్లాగిన దశలోని సమస్యలకు కూడా సేవలు పెట్టారు. దగ్గరి కేంద్రం ఎక్కడుందో ఆశా కార్యకర్తను అడగవచ్చు.

అండాశయాలు ఉంచినవారికి వెంటనే ఈ ఇబ్బందులు రావు. అయితే నెలసరి ఎలాగూ ఉండదు కాబట్టి ఆ దశ ఎప్పుడు వచ్చిందో తెలియదు. నలభైల్లోనే వేడి ఆవిర్లు మొదలైతే డాక్టరుకు చెప్పాలి. గర్భసంచి ముఖద్వారాన్ని ఉంచేశారని సమ్మరీలో ఉంటే, దాని క్యాన్సర్ కోసం చేసే పరీక్షలు ఇకముందు కూడా చేయించుకుంటూ ఉండాలి. ఆపరేషన్ అయిందని చెబితే ఆ పరీక్ష అక్కర్లేదని పొరబడే అవకాశం ఉంది కాబట్టి, వెళ్లిన చోటల్లా నోటిమాటగా చెప్పకుండా సమ్మరీ కాగితమే చూపించండి.