హుక్ పోయిన బంతి: నా అనుభవం

కొత్తలో పిన్నుల దగ్గరికొచ్చేసరికి గట్టిగా వంపు తిరిగే (దీన్నే హుక్ అంటారు) నా బౌలింగ్ బంతి, ఓ 60 గేములయ్యాక తిన్నగా పోవడం మొదలెట్టింది. ముందు నా మణికట్టునే అనుమానించాను. అసలు సంగతి వేరు. రియాక్టివ్ రెసిన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన బంతి పైపొరలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, అవి లేన్ (బంతి దొర్లే బాట) మీద పూసే నూనెను పీల్చేస్తాయి. పైగా వాడేకొద్దీ గరుకు అరిగి నున్నబడుతుంది. ఇక పట్టు ఎక్కడిది?

వేళ్ల రంధ్రాలకు వాటర్‌ప్రూఫ్ టేపు వేసి, చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి 20 నిమిషాలు ముంచాను. (మరిగే నీళ్లు మాత్రం వద్దు, బంతి పగిలే ప్రమాదం ఉంది.) నీళ్ల మీద నూనె తెట్టు తేలింది! తుడిచి, గరుకు తిరిగి రావడానికి 2000 గ్రిట్ ప్యాడ్‌తో (సన్నని గరుకు కాగితం లాంటిది) అన్నివైపులా సమానంగా రుద్దాను. వంపు చాలావరకు తిరిగొచ్చింది, అచ్చం కొత్తదానిలా అంటే అబద్ధమే. ఇప్పుడు ఆట అవగానే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తున్నాను.