ఊరి ఆర్వో ప్లాంటుకు సీఎస్‌ఆర్ నిధులు అడిగేదెలా

సీఎస్‌ఆర్ అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఊరి పనులకిచ్చే డబ్బు. దానికి ముందు కాగితాలు. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆపైన 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు, సీఎస్‌ఆర్-1 నంబరు (సీఎస్‌ఆర్ పనులు చేసే సంస్థగా కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు) కావాలి. ఇలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవమూ అడుగుతారు. కొత్త సంఘమైతే, ఇవన్నీ ఉన్న సంస్థ ద్వారా వెళ్లడమే దారి.

ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది బడ్జెట్ దగ్గరే. యంత్రం ధర రాస్తారు. షెడ్డు, బోరు మోటారు, త్రీఫేజ్ కనెక్షన్ ఖర్చు మరిచిపోతారు. తీరా డబ్బొచ్చాక యంత్రం ప్యాకింగ్ విప్పకుండానే పడుంటుంది. గంటకు వెయ్యి లీటర్ల ప్లాంటైతే ముగ్గురి దగ్గర ఒకే స్పెసిఫికేషన్‌తో, జీఎస్టీ కలిపి కొటేషన్లు తీసుకోండి. ఆర్వో వదిలేసే ఉప్పునీళ్లు ఎటు పోతాయో రాయండి. పక్కవాళ్ల చేలోకి వదిలితే గొడవే.

బోరునీటి ల్యాబ్ రిపోర్టు జతచేయండి: ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందంటే పది ఫొటోల కన్నా అదే బలం. స్థలానికి సర్వే నంబరుతో పంచాయతీ తీర్మానం కావాలి, సర్పంచ్ గారి నోటిమాట చాలదు.

ఇరవై లీటర్ల క్యాను ఎంతకిస్తారు, ఆపరేటరు జీతం, మెంబ్రేన్ (నీటిలోని ఉప్పును వడగట్టే పొర) మార్చే ఖర్చు ఎక్కణ్నుంచి వస్తాయి? ఈ లెక్క ఒక పేజీలో వేరుగా పెట్టండి.