పాత సోల్ డ్రమ్స్ మోత ఇలా దొరికింది

1960ల నాటి అమెరికాలోని మెంఫిస్ నగరపు సోల్ (అక్కడి నల్లజాతి వారి పాప్ సంగీతం) పాటల్లో స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్) ‘టప్’మని పడి అక్కడే ఆగిపోతుంది. నా కొత్త మేపుల్ చెక్క డ్రమ్ సెట్‌లో దెబ్బ పడ్డాక కూడా మోత సాగుతూనే ఉండేది. రికార్డింగ్‌లో ఈక్యూతో (శబ్దంలోని హెచ్చు, తగ్గు స్థాయిలను సవరించే సాధనం) ఎంత కోసినా పోలేదు.

చివరికి 60ల నాటి లుడ్విగ్ కంపెనీ డ్రమ్ సెట్ కొన్నాను. పలుచని మూడు పొరల షెల్ (డ్రమ్ గుండ్రని చెక్క గోడ), లోపల బలానికి మేపుల్ రింగులు. శబ్దం గుండ్రంగా వచ్చి తొందరగా అణిగిపోతుంది. కొనేముందు తోళ్లు తీయించి, షెల్‌ని గాజు పలక మీద నిలబెట్టి, చీకట్లో లోపల టార్చ్ వేసి చూడండి. అంచు కింద నుంచి వెలుతురు కనిపిస్తే అంచు సమంగా లేనట్టే, బేరం వద్దు. రంగు వెలిసినా, ఎవరో అదనంగా రంధ్రాలు వేసినా ఫరవాలేదు, పైగా ధర తగ్గుతుంది.

అయితే సగం పని తోళ్లదే. అన్నిటికీ కోటెడ్ హెడ్స్ (గరుకు పూత ఉన్న తోళ్లు) వేశాను, మోత అణచడానికి బాస్ డ్రమ్‌కి ఫెల్ట్ (ఒత్తిన మందపాటి గుడ్డ) పట్టీ బిగించాను. మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో డ్రమ్మర్ ఆల్ జాక్సన్ జూనియర్ స్నేర్ మీద తన పర్సు పెట్టి వాయించేవారట. నేనూ పెట్టాను. (ఖాళీ పర్సైనా పనిచేస్తుంది, నాది అదే.) మైకులు రెండే: ఒకటి పైన, ఒకటి బాస్ డ్రమ్ ముందు.

మోటౌన్ (డెట్రాయిట్‌లో మొదలైన సోల్ రికార్డుల కంపెనీ) తరహా కావాలంటే మాత్రం ఇది చాలదు. టాంబురిన్ (కంజీర లాంటి గలగలలాడే వాద్యం) లేనిదే ఆ ఊపు రాదు.